అయిదు సెకండ్ల పరీక్ష

పిల్లలూ! విశాఖపట్నంలో గాజువాక దాటి వెళితే ఉక్కు కర్మాగారం కనిపిస్తుంది. ఉక్కు ప్రాణాలు కాపాడే వింత ఒకటి చెబుతాను, వినండి.

2007లో మన దేశంలో ‘బాహా’ అనే పోటీ మొదలయింది. ఇంజనీరింగు విద్యార్థులు ఒక్క మనిషి కూర్చునే చిన్న బండిని తామే ఊహించి, తామే తయారుచేసి తేవాలి. విశాఖ విద్యార్థులు కూడా ఇందులో పాల్గొన్నారు.

పందెం తరవాత సంగతి, ముందు తనిఖీ! బండి బోల్తాపడినా నడిపేవాడు నలిగిపోకుండా చుట్టూ ఉక్కుగొట్టాల పంజరం ఉండాలి. బ్రేకు తొక్కగానే నాలుగు చక్రాలూ తిరగటం మానెయ్యాలి. ఇంతేనా? నెత్తిన హెల్మెట్టు, ఒంటికి పట్టీలు బిగించుకుని కూర్చున్నవాడు 5 సెకండ్లలో బయటికి దూకాలి! నిప్పంటుకుంటే అంతకన్న వ్యవధి ఎక్కడిది? దారి లేకపోతే ఆ పంజరమే బోను అయిపోదూ!

మీ కారు ఆగి ఉన్నప్పుడు, పట్టీ విప్పుకుని దిగటానికి మీకెన్ని సెకండ్లు పడుతుందో నాన్నగారిని లెక్కపెట్టమనండి.