రూటరుకు అవతల కనిపించే చిరునామా: న్యాట్ పరీక్ష పనిచేసే తీరు

ఇంటర్నెట్‌లో ఇప్పటికీ విరివిగా వాడుకలో ఉన్న ఐపీ నాలుగో వెర్షన్ చిరునామా 32 బిట్లకు పరిమితం కావడం వల్ల, ఆ పద్ధతిలో సాధ్యమయ్యే చిరునామాలు సుమారు 429 కోట్లకు మించవు. ఈ కొరతను తట్టుకునేందుకు 1994లో వెలువడిన ప్రతిపాదనే నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్, క్లుప్తంగా న్యాట్. ఇంట్లోని ఫోన్లకు, కంప్యూటర్లకు 192.168తో మొదలయ్యే ప్రైవేటు చిరునామాలు ఇచ్చి, బయటికి వెళ్లే ప్రతి ప్యాకెట్‌పై వాటి స్థానంలో రూటరు తన పబ్లిక్ చిరునామాను, ఒక పోర్టు సంఖ్యను వేసి, ఆ మార్పును పట్టికలో నమోదు చేసుకుంటుంది. జవాబు తిరిగి వచ్చినప్పుడు ఆ పట్టిక ఆధారంగానే దాన్ని అసలు పరికరానికి చేరవేస్తుంది.

వెబ్‌సైట్లు చూడటానికి ఈ ఏర్పాటు చాలు. అయితే వేర్వేరు ఇళ్లలోని రెండు ఫోన్లు వీడియో కాల్ కోసం నేరుగా కలవాలంటే, బయటికి తన చిరునామా ఏమని కనిపిస్తున్నదో దేనికీ తెలియదు. పైగా పట్టికలో నమోదు లేని ప్యాకెట్లను రూటరు లోనికి రానివ్వదు. రెండు ఫోన్లూ తమ బయటి చిరునామాలు తెలుసుకొని, వాటిని మధ్యవర్తి సర్వరు ద్వారా ఇచ్చిపుచ్చుకొని, దాదాపు ఒకేసారి పరస్పరం ప్యాకెట్లు పంపుకుంటే ఇరువైపులా దారి తెరుచుకుంటుంది. దీనినే హోల్ పంచింగ్ అంటారు. ఇది ఫలించేదీ లేనిదీ రూటరు స్వభావాన్ని బట్టి ఉంటుంది కనుక, ఆ స్వభావాన్ని ముందుగా కొలవవలసి వస్తుంది.

ఆ కొలతకు ఆధారం 2003లో తొలిసారి వెలువడి, 2008లోను 2020లోను సవరణ పొందిన స్టన్ ప్రోటోకాల్. సర్వరు యొక్క 3478వ యూడీపీ పోర్టుకు చిన్న అభ్యర్థన పంపితే, అది ఏ చిరునామా, ఏ పోర్టు నుంచి వచ్చినట్లు కనిపించిందో సర్వరు జవాబులో రాసి పంపుతుంది. కొన్ని రూటర్లు ప్యాకెట్ లోపలి సమాచారంలో కనిపించిన చిరునామాలను కూడా దిద్దేస్తుండటంతో, 2008 నుంచి ఆ చిరునామాను ఒక స్థిరసంఖ్యతో ఎక్సార్ చేసి, గుర్తుపట్టలేని రూపంలో పంపే పద్ధతి వచ్చింది.

స్టన్‌ట్‌మ్యాన్ ప్యాకేజీలోని స్టన్‌క్లయంట్ ఈ పరీక్షను కమాండ్ లైన్ నుంచి చేసే సాధనం. దాని పేరు పక్కన సర్వరు పేరు టైపు చేసి ఎంటర్ నొక్కితే, లోకల్ అడ్రస్ వరుసలో 192.168.1.7:54021 వంటి లోపలి చిరునామా, మ్యాప్డ్ అడ్రస్ వరుసలో 203.0.113.20:61877 వంటి బయటి చిరునామా కనిపిస్తాయి. రెండూ ఒకటే అయితే మధ్యలో న్యాట్ లేనట్లు, వేరైతే ఉన్నట్లు.

మోడ్ అనే ఆప్షన్‌కు ఫుల్ అని జోడిస్తే అసలు పరీక్ష మొదలవుతుంది. దీనికి రెండు ఐపీ చిరునామాలు, రెండు పోర్టులు గల సర్వరు అవసరం. మొదటి ప్రశ్న మ్యాపింగ్‌కు, అంటే పట్టికలో నమోదు జరిగే తీరుకు సంబంధించినది. ఒకే లోకల్ పోర్టు నుంచి సర్వరు యొక్క వేర్వేరు చిరునామాలకు అభ్యర్థనలు పంపినా బయటి పోర్టు మారకపోతే, గమ్యంతో నిమిత్తం లేకుండా ఒకే నమోదు కొనసాగుతున్నదని అర్థం. గమ్యం మారినప్పుడల్లా పోర్టు మారితే ఆ న్యాట్‌ను సిమెట్రిక్ అంటారు. రెండో ప్రశ్న ఫిల్టరింగ్‌కు సంబంధించినది. జవాబును తన రెండో చిరునామా నుంచి పంపమని సర్వరును కోరినప్పుడు అది లోనికి చేరితే వడపోత సడలుగా ఉన్నట్లు; చేరకపోతే, పోర్టు మాత్రమే మార్చి పంపమని కోరి మళ్లీ చూస్తారు. ఇక్కడ జవాబు రాకపోవడమే రుజువు కావడం, యూడీపీ ప్యాకెట్లు దారిలో పోయే అవకాశం ఉండటం వల్ల, అభ్యర్థనను పలుమార్లు పంపిన తరువాతే నిర్ణయానికి రావాలి.

తొలి ప్రమాణం ఈ రెండు ప్రశ్నలను కలిపి న్యాట్‌లను నాలుగు రకాలుగా విభజించినా, వాస్తవ పరికరాలు ఆ గళ్లలో ఇమడకపోవడంతో, 2007 నాటి ప్రమాణం మ్యాపింగ్‌ను, ఫిల్టరింగ్‌ను విడివిడిగా వర్ణించింది. ఈ విభజన వల్ల ఫలితాన్ని చదవడం తేలికైంది. మ్యాపింగ్ స్థిరంగా ఉంటే, వడపోత కఠినమైనదైనా, ఇరువైపుల నుంచి ప్యాకెట్లు బయలుదేరడంతో దారి ఏర్పడుతుంది. రెండు వైపులా సిమెట్రిక్ అయితే, స్టన్ చెప్పిన పోర్టు అవతలి ఫోనుకు పనికిరాదు కనుక, మొత్తం సంభాషణను టర్న్ అనే రిలే సర్వరు గుండా నడపవలసి వస్తుంది. అందువల్ల సర్వరుపై భారమూ, మాట చేరడంలో ఆలస్యమూ పెరుగుతాయి.

రూటరు బయటి వైపు చిరునామా 100.64 నుంచి 100.127 వరకు గల శ్రేణిలో ఉండి, మ్యాప్డ్ అడ్రస్ మరొకటిగా కనిపిస్తే, సర్వీసు సంస్థ వద్ద రెండో న్యాట్ ఉన్నదని గ్రహించవచ్చు. అప్పుడు ఇంటి రూటరులో పోర్టు తెరిచినంత మాత్రాన ప్రయోజనం ఉండదు. యూడీపీ నమోదు కనీసం 2 నిమిషాలు నిలవాలని ప్రమాణం చెబుతున్నా, అంతకంటే ముందే చెరిపివేసే పరికరాలూ ఉన్నాయి. ఫోను వైఫై వదిలి మొబైల్ డేటాకు మారితే పాత ఫలితం చెల్లదు. బ్రౌజర్లలోని వెబ్‌ఆర్‌టీసీ కాల్స్ తమ న్యాట్ ఏ రకమో నిర్ణయించుకొని కూర్చోకుండా, ఐస్ అనే విధానంలో నేరు, స్టన్, టర్న్ చిరునామాలన్నింటినీ ప్రతి కాల్‌కూ కొత్తగా సేకరించి పరీక్షించడానికి కారణం ఇదే.