జీపులోని వైర్‌లెస్ ఎందుకు గరగరలాడును?

రేడియో గల ఇంటివారందరికిని తెలిసిన సంగతి యొకటి కలదు. మధ్యమ తరంగములపై వార్తలు వినుచుండగా వీధిలో మోపెడ్ ఒకటి పోయినచో, మాటల నడుమ టకటకమని చప్పుడు చేరి, బండి మలుపు తిరుగగానే అణగిపోవును. 1963లో కడప ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైన నాటి శ్రోతలకు ఇది చిరపరిచితమే. ఇంటిలో రెండు మాటలు పోయినను నష్టము లేదు. తరువాతి వార్తలలో వినవచ్చును. కాని పోలీసు జీపులోనో, అటవీశాఖ బండిలోనో ఉన్న వైర్‌లెస్ సెట్టులో ఇట్టి చప్పుడు పుట్టినచో, పోయిన మాట తిరిగి రాకపోవచ్చును.

మన కర్నూలు, కడప సీమలలో ఈ విషయమునకు ప్రాధాన్యము ఎక్కువ. బండ్లలోని సెట్టులు వాడు హ్రస్వమైన తరంగములు ఇంచుమించు చూపు సాగినంత దూరము సూటిగా పోవునే కాని, కొండలను చుట్టి రావు. ఆత్మకూరు నుండి దోర్నాలకు నల్లమల గుండా పోవు త్రోవలోను, కడప రాయచోటుల నడుమ గువ్వలచెరువు కనుమలోను సంకేతము సహజముగనే నీరసించి చేరును. వరదలు మనకు అరుదైనను, వచ్చినప్పుడు ఘోరముగా వచ్చును. 2009 అక్టోబరు మొదటి వారములో తుంగభద్ర, హంద్రీలు పొంగి కర్నూలు నగరము మునిగెను. 2021 నవంబరు 19న అన్నమయ్య జలాశయపు కట్ట తెగి చెయ్యేరు రాజంపేట ప్రాంతపు పల్లెలపై పడెను. టెలిఫోను పలుకని అట్టి వేళ బండిలోని సెట్టు స్పష్టముగా వినబడుట ప్రాణములతో కూడిన పని.

ఈ గరగరకు మూలమేమి? 1887లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెర్ట్జ్ విద్యుత్తు రవ్వ నొకదానిని పుట్టించి, దాని నుండి వెలువడిన తరంగములను గది ఆవలి ప్రక్కన పట్టి చూపెను. మార్కోని తొలి సందేశములు పంపినదియు రవ్వతోనే. అనగా రవ్వయే మొదటి రేడియో ప్రసారయంత్రము. పెట్రోలు ఇంజనులో స్పార్కు ప్లగ్గు చేయునదియు ఆ పనియే. నాలుగు సిలిండర్ల ఇంజను చక్రము ఒకమారు తిరిగినప్పుడు రెండు రవ్వలు పుట్టును. నిమిషమునకు 900 చుట్లు తిరుగు ఇంజనులో సెకనుకు 30. 3000 చుట్లు తిరిగినచో సెకనుకు 100. ప్లగ్గు తీగలే ఆ చిన్న ప్రసారయంత్రమునకు ఏరియల్.

పూర్వము ఈ చిక్కు మరింత ఎక్కువగా ఉండెడిది. శబ్దమును అనుసరించి తరంగపు బలము మారు పాత పద్ధతిలో, రవ్వ తెచ్చిన హెచ్చుతగ్గులు కూడ మాటలో కలిసిపోవును. 1933లో అమెరికాలో ఆర్మ్‌స్ట్రాంగ్ పేటెంటు పొందిన ఎఫ్.ఎం. పద్ధతిలో మారునది తరంగపు బలము కాదు, కంపనముల సంఖ్య. సెట్టు బలములోని హెచ్చుతగ్గులను కోసివేయును. 1940లో కనెక్టికట్ రాష్ట్ర పోలీసు బండ్లకు డేనియల్ నోబుల్ ఈ పద్ధతిపై ఉభయముఖ సంభాషణ ఏర్పాటు చేసెను. అయినను ఎఫ్.ఎం. సర్వరోగ నివారిణి కాదు. వచ్చు సంకేతము బలముగా ఉన్నంతవరకే ఈ మేలు; కొండ చాటున అది సన్నగిల్లినచో రవ్వదే పైచేయి అగును.

చప్పుడు వినబడగానే సెట్టు విప్పుట తగదు. మొదట మూడు పరీక్షలు చేయవలెను. ఇంజను ఆపి సెట్టు మాత్రము ఉంచి వినుడు. చప్పుడు పోనిచో అది బండిది కాదు, లేదా సెట్టుదే. కరెంటు స్తంభములకు దూరముగా బండిని జరిపి మరల వినుడు. వేసవి దుమ్ము పేరుకొన్న పింగాణీ గుబ్బలపై మంచో, తొలి తుంపరయో పడినప్పుడు హైటెన్షను తీగలు చిటపటలాడును.

ఇంజను నడుచునప్పుడే చప్పుడు వచ్చుచున్నచో, సెట్టు వెనుక ఏరియల్ తీగను ఊడదీసి వినుట రెండవ పరీక్ష. చప్పుడు మాయమైనచో అది గాలిలో ఏరియల్ గుండా వచ్చుచున్నది. నిలిచినచో బ్యాటరీ తీగల గుండా వచ్చుచున్నది. ఏరియల్ లేనప్పుడు మాట పంపు మీట మాత్రము నొక్కరాదు, సెట్టు చెడును.

మూడవది, ఇంజను వేగమును హెచ్చించుచు తగ్గించుచు వినుట. టకటకమను చప్పుడు వేగముతో దట్టమైనచో అది స్పార్కు ప్లగ్గులది. సన్నని ఈల వలె ఉండి వేగముతో శ్రుతి పెరిగినచో అది బ్యాటరీని నింపు ఆల్టర్నేటరుది. డీజిలు ఇంజనుకు రవ్వతో పని లేదు. నొక్కబడిన గాలి వేడికే ఇంధనము మండును. కనుక డీజిలు జీపులో ముందుగా ఆల్టర్నేటరును అనుమానింపవలెను. వేగముతో మారని చప్పుడైనచో వైపరును, ఫ్యానును ఒకటొకటిగా ఆపి చూడవలెను. నేడు అన్నిటికంటె అనుమానింపదగినవి ఫోను చార్జరు, చిన్న కెమెరా, ఎల్.ఇ.డి. దీపములు, వీనిలో విద్యుత్తు సెకనుకు వేలమార్లు తెగి అతుకుచుండును. గతుకులలో మాత్రమే చిటపటలాడినచో ఏరియల్ మొదలు వదులైనదని గ్రహింపవలెను.

చికిత్స చప్పుడు పుట్టిన చోటనే చేయవలెను. ప్లగ్గులకు నిరోధము గల రకమును, తీగలకును అట్టి రకమునే తయారీదారు చెప్పినట్లు అమర్చవలెను. సెట్టుకు కరెంటును డాష్‌బోర్డు నుండి గాక బ్యాటరీ నుండియే నేరుగా తెచ్చి, బ్యాటరీ దగ్గరనే ఫ్యూజు ఉంచవలెను. ఈల తగ్గనిచో కరెంటు తీగను ఫెర్రైట్ ఉంగరములో నాలుగైదు చుట్లు చుట్టి చూడవచ్చును. ఆల్టర్నేటరులోని డయోడు చెడినదేమో మెకానిక్కుచే పరీక్షింపజేయవలెను. బానెట్టును, పొగగొట్టమును అల్లిక రాగి పట్టీలతో బండి చట్రమునకు కలుపవలెను. 150 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేయు సెట్టుకు పాతిక తరంగపు ఏరియల్ అరమీటరు పొడవుండును. అది పైకప్పు నడుమ నుండుట శ్రేష్ఠము. దాని మొదట రంగును, తుప్పును గీకి లోహమును లోహమునకు తగిలించి, మన ఎఱ్ఱదుమ్ము చొరకుండ మూయవలెను.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. ప్రతి సెట్టుకును స్క్వెల్చ్ అను మీట ఉండును. అది ఒక హద్దుకు తక్కువైన ధ్వనిని మూసివేయును. గరగర భరింపలేక డ్రైవరు దానిని బిగించును. సెట్టు హాయిగా నిశ్శబ్దమగును. కాని ఆ తలుపు వెనుక గరగరతో పాటు, కొండ ఆవలి నుండి పిలుచు నీరసపు గొంతు కూడ ఆగిపోవును. పిలిచినవాడు జవాబు లేదనుకొనును. వినవలసినవాడు ఎవరును పిలువలేదనుకొనును. నిశ్శబ్దముగా ఉన్న సెట్టు ఆరోగ్యముగా ఉన్న సెట్టు కాదు.

కావున మరమ్మతు పూర్తియైన పిదప స్క్వెల్చ్‌ను సడలించి, దూరమున నున్న కేంద్రము యొక్క బలహీనమైన పలుకును ఇంజను ఆపియు, నడిపియు వినవలెను. రెండు వేళలను ఒకే తీరున అర్థమైనచో పని ముగిసినది. ఇంజను నడువగానే మాట మసకబారినచో, ఎంత నెమ్మదిగా ఉన్నను, వెదకవలసినది ఇంకను మిగిలియున్నది. ఆ పరీక్షను బండి కొండ ఎక్కకమునుపే చేయుట మేలు.