గాలి యంత్రము మొరాయించినప్పుడు

కమ్మరి కొలిమిలో తోలుతిత్తి ఊదుట మనలో పెద్దవారు పలువురు చూచియే యుందురు. తిత్తి తెరచినప్పుడు గాలి లోనికి వచ్చును, నొక్కినప్పుడు గొట్టము గుండ బొగ్గుల మీదికి పోవును. సైకిలు పంపు చేయు పనియు ఇదియే. నేడు మన ఇండ్లలోనికి వచ్చుచున్న ఎయిర్ కంప్రెసర్ కూడ ఈ వంశములోనిదే. తిత్తికి మారుగా సిలిండరు, పిస్టను. చేతికి మారుగా కరెంటు మోటారు. నొక్కిన గాలిని నిలువ చేయుటకు ఒక ఇనుప టాంకు. ఇంతకు మించి అందులో రహస్యము లేదు. ఆల్ప్స్ పర్వతముల క్రింద 1871లో ప్రారంభమైన మోంట్ సెనిస్ రైలు సొరంగమును తొలిచినది కూడ ఇట్లు నొక్కిపెట్టిన గాలియే. ఆ శక్తి నేడు పెరటి పాకలోనికి వచ్చినది. కనుక దానిని ఆటవస్తువుగా భావింపరాదు.

పిఠాపురములో మాకు బంధువగు ఒక యువకుడు తలుపులకు, మంచములకు రంగు వేయు పని చేయును. కుంచెతో వారము పట్టు పని గాలితో రెండు దినములలో తెమలునని, అప్పుచేసి రెండు హార్సుపవరు మోటారు, డెబ్బది లీటర్ల టాంకు గల క్రొత్త యంత్రమును కొనెను. కొన్న పది దినములకే మాకు కబురు వచ్చినది. కుక్కుటేశ్వరస్వామి దర్శనము చేసికొని, అటునుండి వారి ఇంటికి పోతిమి. ఆ యంత్రము పెట్టిన ఇబ్బందులు మూడు. ఇవి క్రొత్త యంత్రము కొనిన ఎవరికైనను రాదగినవే కనుక వానిని వరుసగా మనవి చేయుచున్నాము.

మొదటిది: ఉదయము తిరుగు మోటారు సాయంకాలము తిరుగదు. స్విచ్చి వేయగనే 'హుం' అని మూలుగును, వేడెక్కును, ఆగిపోవును. మోటారు కాలినదని ఒకరు, కండెన్సరు పోయినదని మరియొకరు చెప్పిరట. మేము ముందుగా చూచినది మోటారును కాదు, దానికి కరెంటు తెచ్చు తీగను. ఇంటి మీటరు నుండి పాక వరకు ఇరువదియైదు మీటర్ల దూరము; వేసిన రాగి తీగ ఒక చదరపు మిల్లీమీటరు మందము. పోవుటకు, వచ్చుటకు కలిపి ఏబది మీటర్లు. అంత తీగ ఇంచుమించు 0.9 ఓము అడ్డు పెట్టును. తిరుగుచున్న మోటారు పది ఆంపియర్లు తీసికొనును. అప్పుడు తీగలో పోవునది తొమ్మిది వోల్టులే. కాని కదలుటకు ముందు క్షణములో అదే మోటారు అయిదారు రెట్లు లాగును. అప్పుడు నలుబదియైదు వోల్టుల వరకు తీగలోనే హరించిపోవును. ఊరంతయు దీపములు వెలిగించిన వేళ 230 ఉండవలసిన వోల్టేజి 200కు దిగినచో, మోటారుకు మిగులునది 155. మోటారు బలము వోల్టేజి వర్గమును బట్టి తగ్గును గనుక, దానికి సగము బలమైనను ఉండదు. మూలుగక ఏమి చేయును? రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ వేయించిన తరువాత సాయంకాలము కూడ మోటారు లేచినది.

తీగ సరిగా ఉండియు మోటారు మూలిగినచో మరొక సంగతి గమనింపవలెను. యంత్రము నిండి ఆగిన క్షణమున 'ఫిస్' అని చిన్న చప్పుడు రావలెను. సిలిండరుకు, టాంకుకు నడుమ గొట్టములో చిక్కిన గాలిని ప్రెజర్ స్విచ్చి విడిచివేయు చప్పుడది. అది రాకున్నచో, తరువాతి పర్యాయము పిస్టను ఆ గాలికి ఎదురు తన్ని లేవవలసివచ్చును. చప్పుడు వచ్చి, ఆగక అట్లే కొనసాగినచో, టాంకులోని గాలి వెనుకకు వచ్చుచున్నదని అర్థము. అప్పుడు తప్పు టాంకు మెడలోని నాన్ రిటర్న్ వాల్వుది. ఒక చప్పుడు రాకపోవుట, ఆగకపోవుట, ఈ రెండును రెండు వేరు రోగములను చెప్పును.

రెండవ ఇబ్బంది: గాలి నిండుటకు పదకొండు నిమిషములు పట్టుచుండెను. ఇది ఎక్కువయో తక్కువయో తెలియవలెనన్న చిన్న లెక్క చాలును. డెబ్బది లీటర్ల టాంకులో చదరపు సెంటీమీటరుకు ఎనిమిది కిలోల ఒత్తిడి రావలెనన్న, బయటి గాలి ఇంచుమించు ఎనిమిది డెబ్బదులు, అనగా 560 లీటర్లు లోనికి పోవలెను. ఆ యంత్రము నిమిషమునకు 140 లీటర్ల గాలి ఇచ్చునని దాని కాగితము చెప్పుచున్నది. అనగా నాలుగు నిమిషములు. కొనువారు ఇచట ఒకటి గమనింపవలెను: కొన్ని కాగితములలో వ్రాయు అంకె పిస్టను ఊడ్చు చోటును చెప్పును గాని, నిజముగా బయటికి వచ్చు గాలిని చెప్పదు. వచ్చు గాలి అంతకంటె తక్కువగనే ఉండును. మనకు కావలసినది ఆ రెండవ అంకె.

నాలుగు నిమిషముల పని పదకొండు నిమిషములు పట్టుటకు కారణములు రెండే తెగలు. వచ్చిన గాలి పోవుచుండవలెను. లేదా రావలసిన గాలి రాకుండవలెను. ఈ రెంటిని విడదీయు పరీక్ష సులభము. టాంకు నింపి, మోటారు ఆపి, గేజి ముల్లును పది నిమిషములు చూడవలెను. ముల్లు దిగినచో కారుట ఉన్నది. సబ్బునీరు కుంచెతో ప్రతి అతుకుకు పూయగా, బుడగ లేచిన చోటే దొంగ. మా వాని యంత్రములో గేజి మొదట రెండు బుడగలు లేచినవి. గాలి పూర్తిగ విడిచి, టేపు చుట్టి బిగించితిమి. అయినను తొమ్మిది నిమిషములు! ముల్లు ఇప్పుడు కదలుట లేదు గనుక, ఇక చూడవలసినది గాలి వచ్చు ద్వారము. ఫిల్టరు విప్పగా దాని క్రింద, రవాణాలో దుమ్ము పోకుండ పెట్టిన ప్లాస్టిక్ బిరడ తీయక వదలివేసిరి. అది ప్రక్కకు ఒరిగి సగము దారి మూసినది. దానిని తీయగనే నాలుగు నిమిషములకు టాంకు నిండెను. అరచేయి ఆ ద్వారమునకు దగ్గరగా పెట్టినచో గాలి లోనికి లాగుచున్నట్లు తెలియవలెను. అట్లుగాక ఎదురు కొట్టినచో లోపలి రేకు వాల్వు సరిగా కూర్చుండలేదన్నమాట. దానిని మనము విప్పరాదు, అమ్మినవారికి చూపవలెను.

మూడవ ఇబ్బంది చెప్పుటకే ఈ ప్రసంగము. వారము గడచిన పిమ్మట ఒకనాడు ఆ యువకుడు ఫోను చేసి, "బాబయ్యగారూ, మిషను బాగానే ఉందండి. పక్కనున్న చిన్న వాల్వు ఒకటే గాలి కక్కేస్తోందండి. దానికో బోల్టు బిగించేస్తే సరిపోతుందంటున్నారండి" అనెను. మేము వెంటనే, స్విచ్చి తీసి, పిల్లలను ఆ పాకలోనికి రానీయక ఉంచుమంటిమి. ఆ చిన్న వాల్వు పాడు కాలేదు. అది తన పని తాను చేయుచున్నది.

ఎనిమిది కిలోల వద్ద మోటారును ఆపవలసినది ప్రెజర్ స్విచ్చి. అది ఆపలేదు. ఒత్తిడి పదికి ఎక్కగా, చివరి కాపలాదారు వంటి సేఫ్టీ వాల్వు తెరచుకొన్నది. స్విచ్చి ఏల ఆపలేదు? సన్నని తీగతో మోటారు మూలిగిన దినములలో, లేవని మోటారు లాగిన భారీ కరెంటు దాని కొనలను కాల్చి, ఒకదానికొకటి అతుకుకొనునట్లు చేసినది. మొదటి తప్పు మూడవ తప్పును కన్నది.

ఆ బోల్టు బిగించియున్నచో ఏమగును? టాంకు అడ్డుకొలత ముప్పది సెంటీమీటర్లు. ఒక్కొక్క మూతి వైశాల్యము ఏడువందల చదరపు సెంటీమీటర్లకు పైన. పది కిలోల ఒత్తిడిలో ఒక్క మూతి మీద పడు బలము ఏడు టన్నులు. అనగా నూరు కిలోల ధాన్యపు బస్తాలు డెబ్బది. మోటారు ఆగదు, గాలికి దారి లేదు, ఆ బరువు పెరుగుచునే పోవును. ప్రక్కనే ఆ యువకుని నాలుగేండ్ల కూతురు రంగు డబ్బాల మూతలతో ఆడుకొనుచుండును. సేఫ్టీ వాల్వును ఎన్నడును మూయరాదు, కట్టరాదు, బిగింపరాదు. నెలకొకసారి దాని ఉంగరము లాగి, తెరచుకొనుచున్నదో లేదో చూడవలెను. అమ్మినవారు ఆ స్విచ్చిని గ్యారంటీ క్రింద మార్చి యిచ్చిరి.

టాంకుకు మరొక శత్రువు నీరు. ఉప్పాడ సముద్రపు గాలి తగులు మన ప్రాంతములో ఈ శత్రువు బలవంతుడు. ముప్పదిరెండు డిగ్రీల వేడిలో, ఎనుబది పాళ్ళ తేమ ఉన్న ఘనమీటరు గాలిలో ఇరువదియేడు గ్రాముల నీటి ఆవిరి ఉండును. ఆ గాలిని తొమ్మిదవ వంతు చోటునకు నొక్కి చల్లార్చినచో, నాలుగు గ్రాములు మాత్రమే ఆవిరిగా నిలుచును. తక్కిన ఇరువదిమూడు గ్రాములు నీరగును. గంటసేపు నడచిన యంత్రము ఇట్లు ఒక గ్లాసుడు నీరు కూర్చును. అది రంగులో పడిన పొక్కులు లేచును. టాంకులో నిలిచిన లోపలినుండి ఇనుమును తినివేయును. పైన రంగు నిగనిగలాడుచునే ఉండును. కనుక ప్రతి దినము పని ముగిసిన వెంటనే అడుగు కుళాయి విప్పి నీరు విడువవలెను. అడుగున తుప్పు గుల్లలు కనిపించిన టాంకును అతికింపక మార్చవలెను.

రేడియో గల ఇంటివారికి ఒక చిన్న సాయము. మీడియం వేవు పెట్టి, యంత్రమును నడుపుడు. మోటారు లేచునప్పుడు, ఆగునప్పుడు 'టక్' మని ఒక్కసారి వినిపించుట సహజము. అది గరగరమని ఆగక వినిపించినచో ఎక్కడనో కొనలు వదులై నిప్పురవ్వలు లేచుచున్నవేమో చూపించుకొనుడు. మన ప్రసంగమునకు అంతరాయము కలిగినను, మీ స్విచ్చి ముందే పట్టుబడును.

కడపటి మాట. గాలి గొట్టమును మనిషి వైపు, వేళాకోళమునకైనను, త్రిప్పరాదు. శరీరములోనికి గాలి వదలిన హాస్యము వలన ప్రాణములు పోయిన సంఘటనలు మన దేశములోనే జరిగినవి. యంత్రము మొరాయించినచో ముందు కరెంటు తీసి, గాలి విడిచి, అటుపై చేయి పెట్టవలెను. పిఠాపురములో ఆ పాక ముందు ఇప్పుడు క్రొత్త తలుపులు నీడన ఆరుచున్నవి. సేఫ్టీ వాల్వు తన చోటున తానున్నది.