కౌన్సిల్ సీటుకి ఇంటి అద్దె దిగుతుందా?

హాస్టల్‌లో రాజకీయాలు మాట్లాడుకునేటప్పుడు ఎమ్మెల్యే, ఎంపీ, సీఎం దాకా వెళ్తాం కానీ కార్పొరేటర్ దగ్గర ఆగేవాళ్లు తక్కువ. ఇంకో రెండు మూడేళ్లలో మనలో చాలామందిమి హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, వీసా వస్తే అమెరికాలోనో అద్దెకి దిగుతాం. అడ్వాన్స్ ఎంత కట్టాలి, ఆఫీసుకి బస్సు ఉందా, వానొస్తే వీధి మునుగుతుందా అన్నవన్నీ అప్పుడు మన సమస్యలే. "ఇళ్లు, పర్యావరణం" అంటూ ఎవరైనా నగర కౌన్సిల్‌కి పోటీ చేస్తే వాళ్లు నిజంగా ఏం చెయ్యగలరు? దీనికి జవాబు వెతకడానికి నేను సియాటిల్‌ని ఎంచుకున్నాను. మా పెద్దమ్మ కూతురు అక్కడే ఉంటుంది కాబట్టి ఆ ఊరి అద్దెల గోల మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

పోటీకి డబ్బు ఎక్కడిది?

సియాటిల్ కౌన్సిల్‌లో 9 మంది ఉంటారు. 7 మంది ఒక్కో డిస్ట్రిక్ట్ నుంచి, ఇద్దరు నగరం మొత్తం నుంచి గెలుస్తారు. బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు. ఆగస్టులో తొలి రౌండ్, అందులో మొదటి రెండు స్థానాల్లో వచ్చినవాళ్లకి నవంబరులో అసలు పోటీ.

ఇక్కడో విశేషం ఉంది. 2015లో ఓటర్లు ఒక పథకాన్ని ఆమోదించారు. దాని ప్రకారం నగరం ప్రజలకి 25 డాలర్ల వోచర్లు నాలుగు ఇస్తుంది. నచ్చిన అభ్యర్థికి వాటిని ఇచ్చేస్తే, ఆ డబ్బు నగర నిధి నుంచి అభ్యర్థి ప్రచారానికి వెళ్తుంది. 2017 ఎన్నికల్లో మొదటిసారి వాడారు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఓటు వెయ్యలేరు గానీ ఈ వోచర్లు ఇవ్వొచ్చు. అద్దె కట్టే మనిషి దగ్గర విరాళం ఇచ్చేంత డబ్బు ఉండదు కదా, ఆ లోటు కొంత తీర్చే ఏర్పాటు ఇది.

ఇచ్చిన మాటకి అడ్డొచ్చిన చట్టం

2013లో క్షమా సావంత్ అనే ఆర్థికశాస్త్ర ఉపాధ్యాయురాలు అక్కడ గెలిచారు. ఆమె పుణెలో పుట్టి, ముంబైలో పెరిగి, మనలాగే కంప్యూటర్ చదువు చదివి, కొన్నాళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన మనిషి. ఆమె ప్రచారంలో ముఖ్యమైన మాటలు రెండు: గంటకి 15 డాలర్ల కనీస వేతనం, అద్దెల మీద నియంత్రణ.

మొదటిది 2014లోనే కౌన్సిల్ ఆమోదం పొందింది. రెండోది కదల్లేదు. వాషింగ్టన్ రాష్ట్రం 1981లోనే ఒక చట్టం చేసింది: ఏ నగరమూ అద్దెకి గరిష్ఠ పరిమితి పెట్టకూడదు. అంటే 9 మందికి 9 మందీ చెయ్యెత్తినా కుదరదు. ఆమె 2023 చివరిదాకా కౌన్సిల్‌లో ఉన్నా ఆ గోడ అలాగే ఉంది. చివరికి 2025లో రాష్ట్ర శాసనసభే ఏడాదికి అద్దె ఎంత పెంచొచ్చో చెబుతూ చట్టం తెచ్చింది. తాళం నగరంలో ఉంటే తాళంచెవి రాష్ట్ర రాజధాని ఒలింపియాలో ఉందన్నమాట.

చేతిలో ఉన్నవి

మరి కౌన్సిల్ చేతులు ముడుచుకుని కూర్చుందా? లేదు, మూడు దారులు పట్టింది.

ఒకటి, అడ్వాన్స్. డిపాజిట్, చేరేటప్పుడు కట్టే ఫీజులు కలిపి ఒక నెల అద్దె మించకూడదని 2016లో నియమం పెట్టారు. బెంగళూరులో పది నెలల అడ్వాన్స్ అడిగారని వాపోయే మన సీనియర్లకి ఇది చెబితే నమ్మరు.

రెండు, కట్టడాల నియమాలు. 2019లో నగరంలోని చాలా ప్రాంతాల్లో బిల్డర్లకి ఒక లెక్క చెప్పారు: "ఇంకాస్త ఎత్తుగా కట్టుకోండి. బదులుగా కొన్ని ఫ్లాట్లు తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి అందే అద్దెకి ఇవ్వండి, లేదా నగర నిధికి డబ్బు కట్టండి."

మూడు, పన్ను. ఇది తేలిగ్గా జరగలేదు. 2018 మేలో పెద్ద కంపెనీల మీద ఉద్యోగికి ఏడాదికి 275 డాలర్ల చొప్పున పన్ను వేస్తూ కౌన్సిల్ ఏకగ్రీవంగా తీర్మానించింది. కంపెనీల నుంచి వ్యతిరేకత వచ్చేసరికి నెల తిరక్కుండానే తనే రద్దు చేసుకుంది. 2019 కౌన్సిల్ ఎన్నికల్లో అమెజాన్ సుమారు 15 లక్షల డాలర్లు ఖర్చుపెట్టింది. 2020లో మళ్లీ వేరే రూపంలో పన్ను తెచ్చారు. పెద్ద కంపెనీలు ఎక్కువ జీతగాళ్లకి ఇచ్చే జీతాల మీద ఇది పడుతుంది. అందులో సింహభాగం అందుబాటు అద్దె ఇళ్లకి, కొంత పర్యావరణ పనులకి అని రాసుకున్నారు. తర్వాత బడ్జెట్‌కి లోటొచ్చినప్పుడు అందులోంచి వేరే ఖర్చులకి కూడా తీశారు. కాబట్టి నిధి ఏర్పడితే సరిపోదు, ఏటా బడ్జెట్ రోజున దాన్ని కాపలా కాయాలి.

ఇంటికీ పర్యావరణానికీ లింకు

పని దగ్గర ఇల్లు దొరక్కపోతే మనిషి దూరంగా ఉంటాడు, రోజూ కారో బండో తీస్తాడు. ఆఫీసులకి, రైలు స్టేషన్లకి దగ్గర్లో ఎక్కువ ఇళ్లు కట్టనిస్తే పొగ తగ్గుతుంది. ఇక భవనాల సంగతి: 20 వేల చదరపు అడుగులు దాటిన భవనాలు దశలవారీగా ఉద్గారాలు తగ్గించుకుని 2050కల్లా సున్నాకి తేవాలని 2023లో కౌన్సిల్ చట్టం చేసింది. మన సివిల్, మెకానికల్ వాళ్లకి పనికొచ్చే వార్త ఇది. ఆ లెక్కలు కట్టేది ఇంజనీర్లే.

మరి మన దగ్గర?

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ 12వ షెడ్యూల్‌ని చేర్చింది. నగరాలకి అప్పగించదగ్గ 18 పనులు అందులో ఉన్నాయి. పట్టణ ప్రణాళిక, భవన నిర్మాణాల నియంత్రణ, మురికివాడల అభివృద్ధి, పర్యావరణ రక్షణ అన్నీ ఆ జాబితాలోవే. కానీ అప్పగించాలా వద్దా, ఎంత అప్పగించాలి అన్నది రాష్ట్రం ఇష్టం. హైదరాబాద్‌లో మాస్టర్ ప్లాన్ హెచ్‌ఎండీఏది, నీళ్లు జలమండలివి, భవన అనుమతులు అధికారులవి. కార్పొరేటర్‌కి మిగిలేవి ప్రధానంగా బడ్జెట్ మీద ఓటు, సభలో ప్రశ్న, వార్డు పనుల కోసం ఒత్తిడి.

ఇవి చిన్నవే గానీ సున్నా కాదు. వానాకాలానికి ముందు నాలా పూడిక తీయించమని పట్టుబట్టడం, పార్కు స్థలం కబ్జా అవుతుంటే సభలో అడగడం ఆ సీటుతో అయ్యే పనులే. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు మునిగాయి. డిసెంబరులో జీహెచ్‌ఎంసీ ఎన్నికలొస్తే ఓటేసింది సగం మంది కంటే తక్కువే.

ఈసారి గుమ్మంలోకి కరపత్రం వస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఈ పని కౌన్సిల్ చేతిలో ఉందా, రాష్ట్రం చేతిలో ఉందా? డబ్బు ఏ పద్దు నుంచి? రాష్ట్రం కాదంటే మీరేం చేస్తారు? ఓపిగ్గా జవాబు చెప్పిన అభ్యర్థి దొరికితే ఓటెయ్యండి. ఎవరూ చెప్పకపోతే ఇంకో దారి కూడా ఉంది: మన దగ్గర కార్పొరేటర్‌గా నిలబడటానికి 21 ఏళ్లు నిండితే చాలు. ఫైనలియర్ వాళ్లలో చాలామందికి ఆ వయసు వచ్చేసింది.