స్టార్టయింది సరే... కదలొచ్చా?

కారు ముందుభాగానికి దెబ్బ తగిలింది. ఇంజిను మాత్రం నడుస్తోంది. ఎక్కి వెళ్లిపోవచ్చా, బండి పంపించమని ఫోన్ చేయాలా? పల్నాడు రోడ్ల మీద తిరిగేవారికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్నే ఇది. జవాబు మాత్రం బానెట్ కింద ఉంటుంది.

నరసరావుపేటలో పొద్దుగూకాక బయల్దేరి మాచర్ల వెళ్తున్న కారు ఒకటి ఉందనుకోండి. గురజాల దాటింది. మలుపు తిరగ్గానే రోడ్డుకు అడ్డంగా గేదె! బ్రేకు పడింది కానీ బండి ఆగలేదు. బంపరు పగిలింది, బానెట్ ముడుచుకుంది, ఒక లైటు పోయింది. లోపలివాళ్లకు చిన్న గీత కూడా పడలేదు. ఊపిరి పీల్చుకునేలోపే చుట్టూ జనం. మేలుజాతి గేదె ఖరీదు లక్ష దాటిన రోజులాయె, దాని యజమాని ఊరుకుంటాడా? మాటా మాటా పెరిగి, పెద్దమనుషులు సర్ది, చేతులో డబ్బులు పడేసరికి గంట గడిచిపోతుంది. అప్పటికి డ్రైవరు మనసులో ఉండేది ఒక్కటే... ఎలాగోలా ఇక్కణ్నుంచి బయటపడాలి. తాళం తిప్పితే ఇంజిను మోగింది. ‘ఏం కాలేదులే, మెల్లగా పోదాం’ అనేస్తారు.

ఆ ‘మెల్లగా పోదాం’ దగ్గరే అసలు చిక్కు.

నలగడమే దాని పని

పాతకాలం అంబాసిడర్‌కి గట్టి ఇనప బంపరు ఉండేది. చిన్నాచితకా దెబ్బలకు చెక్కుచెదిరేది కాదు. ఇప్పటి కార్ల ముందుభాగం రేకు డబ్బాలా నలిగిపోతోందని పెద్దవాళ్లు చీదరించుకుంటారు గానీ, అది కావాలని చేసిన ఏర్పాటే. బెంజ్ కంపెనీలో పనిచేసిన బేలా బరేనీ అనే ఇంజినీరు 1950ల మొదట్లోనే ఈ ఆలోచనకు పేటెంటు పొందాడు. ముందూ వెనకా నలిగి దెబ్బ తాలూకు శక్తిని మింగేయాలి, మనుషులు కూర్చునే గది మాత్రం గట్టిగా నిలబడాలి. 1959లో వచ్చిన బెంజ్ కార్లతో అది రోడ్డెక్కింది.

అంటే ఒకసారి నలిగిన ముందుభాగం తన పని చేసేసినట్టే. రెండోసారి అంత కాపాడలేదు. పైన కనిపించే బంపరు ప్లాస్టిక్‌ది. గుద్దుకున్నాక మళ్లీ యథాస్థానానికి వచ్చేసి అమాయకంగా కనిపిస్తుంది. దాని వెనక ఉండే ఇనప కడ్డీ, దాన్ని పట్టుకునే రెండు చిన్న పెట్టెల్లాంటి భాగాలు చితికిపోయి ఉండొచ్చు. బంపరు బాగుందని సంబరపడేవాళ్లు ఒకసారి బోర్లా పడుకుని కిందనుంచి టార్చి వేసి చూడటం మంచిది.

దేన్ని గుద్దుకున్నామన్నదీ ముఖ్యమే. గేదె అయితే దెబ్బ ఎత్తులో, బానెట్ మీదా అద్దం మీదా పడుతుంది. కుక్కో పందో అడ్డొస్తే కింద, ఏసీ కండెన్సరుకి. ఇక ఈ ప్రాంతంలో అన్నింటికంటే ప్రమాదకరమైనది మిర్చి టిక్కీలతో, పత్తి బోరేలతో వెనక లైటు లేకుండా పోయే ట్రాక్టరు ట్రక్కు. దాని వెనక అంచు చాలా కార్ల బంపరు కంటే ఎత్తుగా ఉంటుంది. కారు దాని కిందికి దూరుతుంది. బంపరు భద్రంగానే ఉంటుంది, రేడియేటరు పైభాగం మాత్రం ఇంజిను మీదికి వంగిపోతుంది. కల్వర్టు దిమ్మెనో పెద్ద గుంతనో కొట్టుకుంటే పైన ఏమీ కనిపించదు. చక్రాన్ని పట్టుకునే లోయరు ఆర్మ్, ఇంజిను ఆయిలుండే తొట్టి దెబ్బతింటాయి.

ముల్లు చెప్పే అబద్ధం

గురజాల నుంచి మాచర్ల వెళ్లే దారిలోనే రెంటచింతల. వేసవి వచ్చిందంటే వాతావరణ వార్తల్లో ముందు వినిపించే పేరు. 45 డిగ్రీలు దాటినా అక్కడివాళ్లు వింతగా చూడరు. అలాంటి చోట పగిలిన రేడియేటరుతో కారు నడపడమంటే ఇంజినును పొయ్యిమీద పెట్టడమే.

రేడియేటరులోని కూలెంటు వత్తిడితో బిగించి ఉంటుంది కాబట్టి 100 డిగ్రీలు దాటినా మరగదు. చిన్న చీలిక పడినా వత్తిడి పోతుంది, మరుగు మొదలవుతుంది. అందుకే దెబ్బ తగిలాక బండిని సమతలంగా ఉన్నచోట ఆపి పది నిమిషాలు ఆగి కింద చూడాలి. రంగు లేని నీళ్లు చుక్కలు చుక్కలుగా పడితే అది ఏసీ నీళ్లు కావచ్చు. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో జిగటగా ఉంటే కూలెంటు. గోధుమరంగులోనో నల్లగానో ఉంటే ఆయిలు. చివరి రెండింటిలో ఏది కనిపించినా తాళం తీసి జేబులో వేసుకోవాల్సిందే. కూలెంటు విషం, రుచి చూసే ప్రయత్నాలు వద్దు. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తిప్పడం అంతకంటే పెద్ద తప్పు, ముఖం కాలిపోతుంది.

‘టెంపరేచరు ముల్లు చూసుకుంటూ పోతే సరి’ అంటారు కొందరు. ఆ ముల్లుకి సమాచారమిచ్చే సెన్సరు కూలెంటులో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది. కూలెంటంతా కారిపోయి అక్కడ గాలి మిగిలితే, లోపల ఇంజిను కాలిపోతున్నా ముల్లు బుద్ధిగా కిందే ఉండిపోవచ్చు! చాలా కొత్త కార్లలో ముల్లే లేదు, ఎర్ర దీపం ఒక్కటే. అది వెలిగేసరికి హెడ్ గాస్కెట్ పోయే ప్రమాదముంది. అయిదారు వేలతో అయిపోవాల్సిన పని ఇంజిను విప్పేదాకా వెళ్లేది ఇలాగే.

జానతో కొలత

కారడం లేదని తేలిందా? ఇక చక్రాల సంగతి. దీనికి యంత్రాలు అక్కర్లేదు. స్టీరింగు తిన్నగా పెట్టి, ముందు టైరుకీ దాని వెనకున్న రేకు అంచుకీ మధ్య దూరం జానతో కొలవండి. రెండోవైపూ కొలవండి. తేడా స్పష్టంగా ఉంటే చక్రం వెనక్కి జరిగినట్టే. ముందు తలుపులు తీసి వేసి చూడండి. నిన్నటిదాకా సాఫీగా పడిన తలుపు ఇప్పుడు రాసుకుంటోందంటే దెబ్బ బానెట్ దగ్గర ఆగలేదు, లోపలిదాకా వెళ్లింది. తర్వాత స్టీరింగును ఆ చివరికీ ఈ చివరికీ తిప్పాలి. టైరు ఎక్కడైనా రాసుకున్నా, స్టీరింగు వంకరగా ఉంటేనే బండి తిన్నగా పోతున్నా, బ్రేకు పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతున్నా ఆలోచించే పనే లేదు. లాగించుకెళ్లాలి.

ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటే మరీను. డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు 2019 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరైంది. అది ఒక్కసారే పనిచేస్తుంది. తెరుచుకోకపోయినా దాని హెచ్చరిక దీపం ఆరకుండా వెలుగుతుంటే మరో దెబ్బకు అది తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. గేదెల భయంతో ముందు బుల్‌బార్లు బిగించుకునే అలవాటుంది. నాయకుల వెంట తిరిగే బండ్లకైతే అదో హోదా. వాటిని తీయించాలని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు చెప్పింది. అవి దెబ్బను నలిగే భాగాలకు అందనివ్వకుండా నేరుగా చాసిస్‌కి చేరవేస్తాయి, ఎయిర్‌బ్యాగు సెన్సర్లను తికమకపెడతాయి.

బానెట్ లాకు విరిగితే తాడేసి కట్టేయడం మనకు అలవాటే. వేగం పెరిగితే గాలికి అది లేచి అద్దాన్ని కప్పేస్తుంది. ఇక రాత్రిపూట ఒంటికన్నుతో వచ్చే కారు ఎదుటివాడికి మోటారుసైకిల్లా కనిపిస్తుంది. ఆ లెక్కతోనే పక్కకు తప్పుకుంటాడు, తప్పుకున్నది చాలదు.

పాలసీలో ఒక వాక్యం

చాలామంది చదవని సంగతి ఒకటుంది. మన దేశంలో కారు బీమా పాలసీల్లో ఉండే షరతు ప్రకారం, ప్రమాదం తర్వాత మరమ్మతు చేయించకుండా బండి నడిపితే, దానివల్ల పెరిగిన నష్టమంతా యజమానిదే. బంపరుకీ రేడియేటరుకీ డబ్బులొస్తాయి, తర్వాత నడిపి పాడుచేసుకున్న ఇంజినుకు రావు. సర్వేయరు ఆ తేడా ఇట్టే పట్టేస్తాడు. అంతేకాదు, ప్రమాదకరమైన లోపముందని తెలిసీ బండిని రోడ్డెక్కించడం మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను కింద నేరం.

మరి లాగించుకెళ్లే ఖర్చు? సాధారణ కారు పాలసీలో దగ్గర్లోని షెడ్డుకు చేర్చడానికి 1,500 రూపాయల దాకా ఇస్తారు. మాచర్ల దగ్గర్నుంచి గుంటూరుకో విజయవాడకో తీసుకెళ్లాలంటే అది ఏ మూలకూ చాలదు. రోడ్‌సైడ్ అసిస్టెన్సు అదనంగా తీసుకుని ఉంటే ఆ నంబరుకు చేయాలి. జాతీయ రహదారి మీదైతే 1033 ఉంది.

తెలిసినవాళ్ల ట్రాక్టరుకు తాడు కట్టడమే దారైతే ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఇంజిను ఆగిన కారులో స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకుకు మామూలు కంటే చాలా బలం పెట్టాలి. స్టీరింగు లాకు పడకుండా తాళం తిప్పే ఉంచాలి. ఆటోమేటిక్ గేరు కారునైతే నడిచే చక్రాలు నేలమీద ఉండగా లాగకూడదు, గేరుబాక్సు పాడవుతుంది. దాన్ని లారీ మీదికి ఎక్కించే తీసుకెళ్లాలి. అన్నట్టు, కదిలించే ముందు నాలుగు వైపుల నుంచీ, కింద కారిన మరకతో సహా, ఫోన్‌తో ఫొటోలు తీసుకోవడం మరవొద్దు. సర్వేయరు అడిగే మొదటివి అవే.