41 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చిన బ్యాక్టీరియా.. మీకేం ఉద్యోగం ఇస్తుంది?

2005 ఏప్రిల్ 20. హైదరాబాద్‌లోని టీఐఎఫ్‌ఆర్ బెలూన్ కేంద్రం నుంచి ఓ భారీ బెలూన్ పైకి లేచింది. దానికి వేలాడుతున్నది 459 కిలోల పరికరం. లోపల స్టెరిలైజ్ చేసి, గాలంతా తీసేసిన స్టీల్ గొట్టాలు. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తుల్లో గాలిని పట్టుకోవాలి, సీల్ చేసుకుని పారాచూట్‌తో కిందికి దిగాలి. అంతే దాని డ్యూటీ.

ఆ శాంపిళ్లను హైదరాబాద్‌లో సీసీఎంబీ, పుణెలో ఎన్‌సీసీఎస్ విడివిడిగా పరీక్షించాయి. 12 బ్యాక్టీరియా, 6 ఫంగస్ కాలనీలు పెరిగాయి. అందులో మూడు బ్యాక్టీరియాలు అప్పటికి ఎవరికీ తెలియనివి. 2009లో ఇస్రో ఈ సంగతి ప్రకటించింది. ఒకదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయ్ల్ పేరు, ఇంకోదానికి ఇస్రో పేరు, మూడోదానికి ఆర్యభటుడి పేరు పెట్టారు. నేనప్పుడు స్కూల్లో ఉన్నా. ‘ఏలియన్స్ దొరికేశాయంట’ అని ఫ్రెండ్స్‌తో పందెం కూడా కాశా!

పందెం ఓడిపోయాననే చెప్పాలి. అవి అంతరిక్షం నుంచి వచ్చాయని ఇస్రో అప్పుడు కూడా తేల్చి చెప్పలేదు. తర్వాతి ఏళ్లలో ఆర్యభటుడి పేరున్న బ్యాక్టీరియా పొలాల మట్టిలోనూ, పంట మొక్కల వేళ్ల దగ్గరా కనిపించింది. అంటే కింది నుంచి పైకి వెళ్లి ఉండే అవకాశమే ఎక్కువ. అయితే అసలు విషయం వేరే ఉంది. దాదాపు 35 కిలోమీటర్ల ఎత్తులో గాలి పీడనం మార్స్ నేల మీద ఉన్నంతే ఉంటుంది. పైగా విపరీతమైన చలి, అతినీలలోహిత కిరణాలు. అక్కడి నుంచి తెచ్చినవి ల్యాబ్‌లో మళ్లీ పెరిగాయంటే, మార్స్‌లాంటి చోట జీవం కోసం వెతకడం పిచ్చిపని కాదన్నమాట. ఇలాంటి మొండి జీవుల్నే ఎక్స్‌ట్రీమోఫైల్స్ అంటారు. మంచు పొర కింద సముద్రం ఉందని భావిస్తున్న యూరోపా వైపు నాసా 2024 అక్టోబర్‌లో క్లిప్పర్‌ను పంపింది కూడా అక్కడ జీవం బతికే పరిస్థితులు ఉన్నాయా అని చూడ్డానికే.

సరే, ఉద్యోగం సంగతేంటి అంటారా? ఉన్నమాట చెప్తా. ‘ఆస్ట్రోబయాలజిస్ట్ కావలెను’ అన్న ప్రకటన మన జాబ్ పోర్టల్స్‌లో నాకు ఎప్పుడూ కనపడలేదు. కానీ ఒక కథ వినండి. 1966లో అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల నుంచి థామస్ బ్రాక్ తెచ్చిన శాంపిళ్లలో, హడ్సన్ ఫ్రీజ్ అనే కుర్రాడు సుమారు 70 డిగ్రీల వేడిలో హాయిగా పెరిగే బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. అప్పుడతను డిగ్రీ స్టూడెంట్. మీలాగే! అప్పట్లో దాంతో పైసా లాభం లేదు. తర్వాత పీసీఆర్ వచ్చింది. అందులో డీఎన్‌ఏను పదేపదే 95 డిగ్రీల దాకా వేడి చేయాలి. మామూలు ఎంజైమ్ ఆ వేడికి పాడైపోయేది, ప్రతి రౌండ్‌కీ కొత్తగా పోయాల్సి వచ్చేది. ఈ బ్యాక్టీరియా ఎంజైమ్ మాత్రం తట్టుకుంది. కరోనా టైమ్‌లో మన ముక్కులో పుల్ల పెట్టి చేసిన ఆర్‌టీపీసీఆర్ పరీక్షకు దారి వేసింది ఆ వేడినీటి జీవే.

అందుకే ఈ రంగంలోకి వెళ్లాలంటే స్పేస్ అనే మాటను పక్కన పెట్టి, పని నేర్చుకోండి. శాంపిల్ కలుషితం కాకుండా చూడటం, సీక్వెన్సింగ్, డేటా అనాలిసిస్. జీనోమ్ వ్యాలీ కంపెనీలకైనా, రీసెర్చ్ ల్యాబ్‌కైనా కావాల్సింది ఇవే. రీసెర్చ్ అనుకుంటే సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ ఉంది. బీటెక్ వాళ్లూ రాయొచ్చు. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. గేట్‌లో లైఫ్ సైన్సెస్ పేపర్‌లో మైక్రోబయాలజీ ఎంచుకోవచ్చు, కానీ కెమిస్ట్రీ తప్పదు.

పదో తరగతి తర్వాత బయాలజీ పుస్తకం ముట్టని ఎంపీసీ బ్యాచ్ మాది. నాలాంటివాళ్లు పైథాన్ వైపు నుంచి దూరొచ్చు. ఈ ఆదివారం ఎన్‌సీబీఐ సైట్‌లో ‘జానిబ్యాక్టర్ హోయ్లీ’ అని వెతకండి. మన బెలూన్ తెచ్చిన ఆ బ్యాక్టీరియా సీక్వెన్స్ ఫ్రీగా దొరుకుతుంది. దాన్ని అక్కడే ఉన్న బ్లాస్ట్ టూల్‌లో వేసి, నేల మీద దాని దగ్గరి చుట్టాలెవరో చూడండి.