పంతులుగారి జబ్బుకు పూచీ ఎవరిది?

తార్నాక: ఈ చుట్టుపక్కల ఆసుపత్రులకు కొదవ లేదు. తార్నాకలో ఆర్టీసీ తన కార్మికుల కోసం పెట్టిన ఆసుపత్రి ఉంది. దగ్గరలోనే లాలాగూడలో రైల్వేవారిది ఉంది. రైల్వేలో రిటైరైనవారు ఒక్కసారి చందా కట్టి వైద్య పథకంలో చేరే ఏర్పాటు 1997లో వచ్చింది. మరి పల్లెలో ముప్ఫై ఏళ్లు సుద్దముక్క పట్టి, ఇప్పుడు కొడుకు ఇంట్లో ఉండగా జబ్బుపడిన పంతులుగారి సంగతేమిటి?

కొలువును బట్టి హక్కు

ప్రభుత్వ, జిల్లా పరిషత్ బడుల్లో పనిచేసిన పెన్షనర్లకు రెండు దారులు ఏర్పడ్డాయి. మొదటిది 1972 నాటి వైద్య నిబంధనలు. ముందు చేతి డబ్బు పెట్టుకుని, తర్వాత బిల్లు పెట్టుకోవాలి. రెండోది హెల్త్ కార్డు. ఉమ్మడి రాష్ట్రంలో 2013 చివర నెలకు 90, 120 రూపాయల చందాతో ఇది మొదలైంది. కార్డు ఉన్నంత మాత్రాన ప్రతి ఆసుపత్రీ చేర్చుకోదు. జాబితాలో పేరుండాలి.

పక్కనే ఉన్న ఉస్మానియా ఆవరణలో పాఠాలు చెప్పి రిటైరైనవారిది వేరే చిక్కు. విశ్వవిద్యాలయం 1991 చట్టం కింద నడిచే ప్రత్యేక సంస్థ. అక్కడివారు చట్టం దృష్టిలో ప్రభుత్వోద్యోగులు కారు. ప్రభుత్వోద్యోగులకిచ్చిన ఉత్తర్వు వారికి దానంతటది వర్తించదు. వర్తిస్తుందని విడిగా ఉత్తర్వు ఉండాలి. ఎంత పెద్ద చదువు చెప్పారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

కోర్టులు ఏమన్నాయి?

వైద్యం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఖజానాకు హద్దు ఉంటుందని, ప్రభుత్వం రేట్లు నిర్ణయించవచ్చని 1998లో పంజాబ్ కేసులో తీర్పునిచ్చింది. అందువల్ల కట్టిన ప్రతి పైసా తిరిగి వస్తుందన్న భరోసా లేదు. 2018లో రిటైరైన కేంద్ర అధికారి శివకాంత్ ఝా కేసులో మరో మాట చెప్పింది. వైద్యం నిజంగా జరిగినప్పుడు, ఆసుపత్రి జాబితాలో లేదన్న ఒక్క సాకుతో బిల్లు తోసిపుచ్చరాదన్నది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు జాబితా వెతుక్కునే తీరిక ఎవరికి ఉంటుంది?

కాగితాలు భద్రం

అసలు బిల్లులు, డిశ్చార్జి కాగితం, అత్యవసరమని డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ దాచుకోవాలి. పాత నిబంధనల ప్రకారం ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన ఆరు నెలల్లోగా బిల్లు పెట్టుకోవాలి. గడువు దాటితే న్యాయమైన బిల్లుకూ తిప్పలే. పింఛను కాగితాల్లో భార్య లేక భర్త పేరు సరిగా ఉందో లేదో ఇప్పుడే చూసుకోవడం మంచిది.

కొలువు ఏదైనా జబ్బు ఒకటే. చదువు చెప్పినవారందరికీ ఒకే వైద్య హక్కు కల్పించవలసిన అవసరం ఎంతైనా ఉంది.